పొట్టేలు చెవిలో చిల్లు

మంగళవారం ఉదయం ఏడు గంటలకు పెద్దయ్య తన పొట్టేలును మెడతాడు పట్టి లాక్కుంటూ నాగేంద్రమ్మ దాణా దుకాణం ముందుకు వచ్చాడు. ఆమె అప్పుడే షట్టరెత్తి మెట్ల మీద నీళ్లు చల్లుతోంది.

"నాగేంద్రమ్మా, అద్దాలు పెట్టుకోని దీని చెవి చూడు."

ఆమె చెంబు పక్కన పెట్టి, అద్దాలు పెట్టుకుని చూసింది. ఎడమ చెవిలో, అంచుకు అర అంగుళం లోపల గుండ్రని చిల్లు ఉంది. అగ్గిపుల్ల దూర్చితే కాస్త ఆడేంత. చుట్టూ రక్తం ఎండి నల్లబడింది.

"ముల్లు గీసుకుందేమో బావా."

"ముల్లయితే చీలుస్తాది. ఇట్ల బొట్టు మాదిరి గుండ్రంగా పొడుస్తాదా? ఇది మనిషి పెట్టిన చిల్లు. గుర్తు."

పెద్దారవీడు మండలంలోని ఆ ఊళ్లో గొర్రెలూ మేకలూ ఉన్న ప్రతి ఇంటికీ ఒక చెవి గుర్తు ఉంటుంది. పెద్దయ్య మందకు కుడి చెవి కొసన ఒక గంటు. ఇంకొకరికి రెండు గంట్లు. మరొకరికి చెవి కింద కోత. మందలు కలిసిపోయి తగువు వస్తే పెద్దమనుషులు చెవి చూసి తేలుస్తారు, వేరే సాక్ష్యం అడగరు. పరాయి జీవం చెవికి తన గుర్తు పెట్టడమంటే దొంగతనంలో సగం పని అయిపోయినట్టే లెక్క.

ఎడమ చెవికి గుండ్రని చిల్లు ఊళ్లో ఒక్కరి గుర్తే. లింగన్నది. అతనికి ఐదు మేకలున్నాయి. ఆ చిల్లుల్లో అతని భార్య గురవమ్మ ఎర్రదారం కడుతుంది.

లింగన్న ఆరేళ్ల కిందట నల్లమల గూడెం నుంచి దిగివచ్చి పెద్దయ్య మందకు కాపరిగా కుదిరాడు. గొర్రెల దొడ్డి వెనక పెద్దయ్య వేసిచ్చిన కొట్టంలోనే కాపురం. పని పోతే కొట్టమూ పోతుంది.

పైగా అది పోలేరమ్మకు మొక్కుకుని వదిలిన పొట్టేలు. రెండేళ్ల కిందట పెద్దయ్య భార్య మార్కాపురం ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉన్నప్పుడు మొక్కిన మొక్కు. అమ్మవారికిచ్చే జీవానికి ఎక్కడా గాటు ఉండకూడదు. అందుకని మంద మొత్తంలో దీని చెవి ఒక్కటే పెద్దయ్య కోయకుండా వదిలాడు.

"ఏ గుర్తూ లేనిది చూసి పెట్టినాడు," అన్నాడు పెద్దయ్య. "నిన్న పొద్దున తోలకపోయేటప్పుడు నేను చూడలా. సాయంత్రం మంద తిరిగొచ్చినంక చూసినా. చిల్లుండాది."

"లింగన్నను అడిగినావా?"

"అడిగేదేముంది? శుక్రవారం పెద్దమనిషి చెన్నయ్యను పిలిపించినా. ఆయన ముందరే అడుగుతా. అందాక మంద నేనే తోలుకుంటా. నువ్వు గూడా వానితో అనబాక."

పెద్దయ్య వెళ్లిపోయాడు. నాగేంద్రమ్మ చెంబులో మిగిలిన నీళ్లు ఒకే మెట్టు మీద పోసేసి లోపలికి నడిచింది.

ఆమె గోడౌనుకూ పెద్దయ్య దొడ్డికీ మధ్య ఉన్నది ఒక రేకు గోడ. ఎవరిదో ఇంటి కప్పు ఊడదీస్తే వచ్చిన పాత రేకులు. మేకు చిల్లుల మొనలు గోడౌను వైపు పొడుచుకుని ఉంటాయి. బస్తాలు చిరుగుతున్నాయని ఆమె తవుడు వరసను గోడకు రెండడుగులు ఎడంగా వేయించింది. ఆ సందులోనే పందికొక్కులు తిరుగుతాయి.

వాటికి మందు పెట్టడానికి లేదు. మందు తిన్నది వెళ్లి తవుడు బస్తాలో చస్తే ఆ తవుడు తిన్న గేదె సంగతేమిటి? రెండు పిల్లుల్ని పెంచి చూసింది. అవి పెరుగన్నానికి అలవాటు పడి పందికొక్కు వస్తే గల్లాపెట్టె ఎక్కి కూర్చున్నాయి. చివరికి మార్కాపురంలో సెల్‌ఫోన్లు రిపేరు చేసే మేనల్లుడు వినయ్ కుమార్, లైసెన్సు అక్కరలేని రకం ఎయిర్ గన్ను ఒకటి తెచ్చిచ్చాడు. దాని కింద గొట్టంలోకి చేతిపంపుతో గాలి ఎక్కించాలి. ఎనభై సార్లు కొడితే నిండుతుంది. పక్కన ఒక చక్రం ఉంది. తిప్పితే దెబ్బ జోరు పెరుగుతుంది, తగ్గుతుంది.

"పదిహేను అడుగుల దూరానికి ఫుల్ పవర్ పనిలేదత్తా," అని వినయ్ చెప్పాడు. "కొక్కు చావాల, గుండు ఆడనే ఆగాల. అంత వరకే పెట్టుకో."

ఎంత వరకో తెలుసుకోవడానికి ఆమె తన పద్ధతి తాను పెట్టుకుంది. మార్కాపురం పలకల ఫ్యాక్టరీల నుంచి వచ్చే ముక్కలు ఆ వైపు ఊళ్లలో లేని ఇల్లు లేదు. నేలకూ అవే, ప్రహరీకీ అవే. ఒక పలక ముక్క గోనెసంచి మీద నిలబెట్టి కొట్టేది. పలక పగిలితే చక్రం తగ్గించేది. తెల్లటి చుక్క మాత్రమే పడేదాకా తగ్గించి, అక్కడ కూతురు శిల్ప గోళ్ల రంగుతో చక్రం మీద గీత పెట్టింది. శిల్ప గిద్దలూరులో నర్సింగు చదువుతోంది. ఆ సీసా ఇంట్లో మర్చిపోయింది.

ప్రతి ఆదివారం సాయంత్రం ఆమె గీత దగ్గర పెట్టి పలక మీద ఒక దెబ్బ కొట్టి చూసేది, దుకాణానికి వచ్చినవాళ్లకూ చూపించేది. పదకొండు ఆదివారాలుగా చుక్కే పడింది. చుక్క పడే దెబ్బకు రేకు ఎందుకు చిల్లు పడుతుంది?

కానీ సోమవారం తెల్లవారి ఆరింటికి, గాలి కొత్తగా ఎక్కించి, సందులో ఉన్న కొక్కును కొట్టి గురి తప్పింది. రేకు టంగుమంది. కొట్టిన ప్రతి గుండునూ ఆమె వెతికి పచ్చడి సీసాలో వేస్తుంది, సీసం దాణాలో కలవకూడదని. ఆ గుండు దొరకలేదు.

మంగళవారం ఆమె ఆ రేకు ముందు నిలబడి చూసింది. రేకు నిండా చిల్లులే. ప్రతి చిల్లు లోంచీ దొడ్డి వైపు వెలుతురు పడుతోంది. సోమవారం పగలంతా తవుడు లోడు దించారు. దుమ్ము పాత చిల్లునూ కొత్త చిల్లునూ ఒకే రంగు చేసింది. ఆమె నలభై దాకా లెక్కపెట్టి వదిలేసింది.

సోమవారం నుంచి ఏడెనిమిది కొక్కులను కొట్టిన గన్నును మధ్యాహ్నం తీసి, గీత సరిగా ఉందని చూసుకుని పలక మీద కొట్టింది. చుక్క.

"మనది కాదు," అని పిల్లితో చెప్పి అన్నానికి కూర్చుంది.

బుధవారం ఉదయం కొక్కుల కోసం ఎనభై సార్లు పంపు కొట్టింది. ఆ రోజు కొక్కులు రాలేదు. చేతిలో గన్ను ఉంది కదా అని పలక మీద మరో దెబ్బ కొట్టింది. పలక రెండు ముక్కలైంది.

ఆమె చక్రం చూసింది. చక్రం గీత దగ్గరే ఉంది.

పలకలో పగులు ఉండి ఉంటుంది అనుకుంది. పలక పొరలు పొరలుగా ఉంటుంది, ఒక్కో ముక్క ఒక్కో తీరు. ఇంకో ముక్క తెచ్చి, గోటితో కొట్టి మోత విని, బాగున్నదని తేల్చుకుని నిలబెట్టింది. అదీ పగిలింది. మూడోది నిలబెట్టలేదు. మూడోది కూడా పగిలితే ఏమనుకోవాలో ఆమెకు తోచలేదు.

పదింటికి లింగన్న వచ్చాడు. ఆ వేళప్పుడు అతను కొండవార మందతో ఉండాలి. వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

"వేరుశనగ చెక్క కావాల్నా లింగన్నా?"

"చెక్కేం వద్దక్కా. ఊరికెనే వచ్చినా." తువ్వాలు భుజం మీద సర్దుకుని, "పెద్దయ్యన్న రెండు దినాల నుంచి నాతో మాట్లాడ్డం లేదు. మంద ఆయనే తోలకపోతాండాడు. అడిగితే శుక్రవారం చెప్తా అంటాడు. నీకేమన్నా చెప్పినాడా?"

"నాకేం చెప్తాడు? ఆయప్ప దాణా బాకీ గురించే చెప్పడు."

లింగన్న నవ్వలేదు. "గురవమ్మ మూట కట్టాల్నా వద్దా అని అడుగుతాంది. గూడెంలో ఇల్లు పడిపోయింది. పోతే యాడికి పోవాలా అని నేనాలోచిస్తాండా. నేనేం చేసినానో తెలిస్తే గదా, చేసినానో లేదో చెప్పేది."

చెప్పేద్దామని ఆమె నోటిదాకా వచ్చింది. చెబితే తర్వాతి మాట ఏమిటి? నీ గుర్తు పెట్టినావంటున్నాడు అని చెప్పాలి. పెట్టలేదంటాడు. మరి ఎవరు పెట్టారంటాడు. అక్కడికొచ్చేసరికి ఆమె దగ్గర జవాబు లేదు. మంగళవారం పలకనడిగితే కాదంది. బుధవారం అడిగితే అవునంది.

"టీ తాగి పో," అంది.

"ఇప్పుడే తాగినా," అని అతను లేచి వెళ్లాడు. తాగలేదని ఆమెకు తెలుసు.

గురువారం ఉదయం, గోడ వైపు కాకుండా గుమ్మం దగ్గర రెండు కొక్కులను కొట్టింది, ఐదారు దెబ్బలు తప్పి గచ్చుకు తగిలాయి. మధ్యాహ్నం పలక నిలబెట్టి మళ్లీ కొట్టింది. చుక్క. ఇంకోటి కొట్టింది. చుక్క. బుధవారం పగిలిన పలకలోంచే ఒక ముక్క ఏరి నిలబెట్టి కొట్టింది. దాని మీదా చుక్కే.

అబద్ధం చెబుతున్నది పలకా, చక్రమా, తన కళ్లా? ఆమె కళ్లద్దాలు తుడుచుకుంది. చక్రం మీద గీతను గోటితో గీకి చూసింది. అది తనంతట తాను జరిగేది కాదు. చివరికి వినయ్‌కు ఫోను చేసింది.

"ఒరే, నువ్విచ్చిన గన్ను ఒక దినం కొడతాంది, ఒక దినం తడతాంది. ఇదేం గన్నురా?"

"చక్రం తిప్పినావా అత్తా?"

"తిప్పలా. గీత కాడే ఉంది."

"మరి గాలి?"

"గాలి ఉందిరా, లేకుంటే ఎట్ల పేలతాది?"

"ఎంతుందని అడుగుతాండా. కింద మీటరుంది చూడు, ముల్లు ఎక్కడుంది?"

ఆమె మీటరును గాలి అయిపోయినప్పుడు తప్ప ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూసింది. ముల్లు అడుగున ఉన్న ఎర్రగీతకు కాస్త పైన ఉంది.

"పంపు కొట్టినంక ఎక్కడుంటాది?"

"చాలా పైనుంటాది."

"ఆదివారం పలక మీద కొట్టి చూస్తానంటివి గదా, పంపు కొట్టి చూస్తావా, ముందే చూస్తావా?"

నాగేంద్రమ్మ భుజం నొక్కుకుంది. ఎనభై సార్లు పంపు కొడితే భుజాలు రెండు రోజులు లాగుతాయి. అంత కష్టపడి ఎక్కించిన కొత్త గాలిని పలకల మీద ఎందుకు తగలేయాలి? వారంలో ఎన్నిసార్లు నింపినా ఆదివారానికి అడుగున మిగిలిన గాలే ఉంటుంది, దాంతో పలక చూసేది. సోమవారం తెల్లవారి మళ్లీ నింపేది. పదకొండు ఆదివారాలూ అంతే.

"మిగిలిన గాలితోనే చూసినారా. దండగ ఎందుకని."

"నీ పొదుపు తగలెయ్య. మందు కొట్టే ట్యాంకు చూల్లేదా అత్తా? గాలి కొట్టినప్పుడు మందు పది సాళ్లు పడతాది. అయిపోయేటప్పుడు కాళ్ల మీద కారతాది. నాజిల్ అదే గదా. చక్రం గూడా అంతే. నువ్వు కారేటప్పుడు చూసి గీత పెట్టినావు, నిండినప్పుడు కొడతాండావు."

"ఇది ముందే చెప్పొద్దా?"

"నువ్వు పలకతో పరీక్ష పెడతావని నాకెట్ల తెలుసు?"

ఫోను పెట్టేసి ఆమె పంపు తీసింది. ఎనభై కొట్టింది. దుకాణం వెనక పడి ఉన్న పాత రేకు ముక్క ఒకటి తెచ్చి, వెనక ఇసుక తొట్టి పెట్టి, గీత దగ్గరే ఉంచి కొట్టింది. టంగుమంది. సోమవారం విన్న మోతే. రేకుకు చిల్లు పడింది. అగ్గిపుల్ల దూర్చింది. కాస్త ఆడింది.

అంటే చిల్లు తనదే కావచ్చు. కావచ్చు, అంతవరకే. పొట్టేలు ఆ క్షణాన గోడకు అవతల ఉందో లేదో ఆమెకు తెలియదు. లింగన్న పెట్టలేదనీ ఆమెకు తెలియదు. అతను పెట్టడని మాత్రం అనిపించింది. కానీ పదకొండు ఆదివారాలు గన్ను గురించీ ఆమెకు అలాగే అనిపించింది.

శుక్రవారం ఎనిమిదింటికి దొడ్డి ముందు నులక మంచం వేశారు. చెన్నయ్య దాని మీద కూర్చున్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి, ఆ ఊళ్లో చెవి తగువులన్నీ ఆయనే తీరుస్తాడు. పెద్దయ్య పొట్టేలును పట్టుకుని నిలబడ్డాడు. లింగన్న, గురవమ్మ కాస్త దూరంగా నిలబడ్డారు. మంద ఇంకా దొడ్డిలోనే ఉంది.

పెద్దయ్య నోరు తెరిచేలోగా నాగేంద్రమ్మ రేకు ముక్క చంకలో పెట్టుకుని వచ్చింది.

"ఆ చిల్లు నాది బావా."

చెన్నయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. "నాగేంద్రమ్మ గూడా చెవులు కోసే పని పెట్టుకుందా? ఎన్ని గొర్రెలు నీకు?"

"గొర్రెల్లేవు మామా. గన్నుంది. సోమవారం పొద్దున కొక్కును కొడితే తప్పింది. ఈ రేకు దూరి పోయిందేమో."

"ఏమో అంటాండావు," అన్నాడు పెద్దయ్య. "నువ్వే గదా చెప్పినావు, రేకు దూరదు, పలకే పగలదు అని? ఊరందరికీ చూపిస్తివి."

"పలక పగల్లేదు బావా, గాలి తక్కువుండె. గాలెక్కువుంటే పగులుతాది. గీత మటుకు అదే."

"గీత అదే అయితే దెబ్బ వేరే ఎట్లవుతాది?"

ఆమె చెప్పడానికి ప్రయత్నించింది. మీటరు గురించి చెప్పింది, ముల్లు గురించి చెప్పింది, మందు ట్యాంకు గురించి చెప్పింది. చెబుతుంటే తనకే తలకెక్కనట్టు అనిపించింది. చెన్నయ్య తల ఊపుతూ విన్నాడు. ఎందుకు ఊపుతున్నాడో ఆయనకూ తెలిసినట్టు లేదు.

"ఇదంతా లింగన్న మీద జాలితో చెప్తాండావు," అన్నాడు పెద్దయ్య. "నువ్వు ఆడమనిషివి, నీ మీద తగువు పెట్టనని నీ ధైర్యం."

లింగన్న అప్పుడు మొదటిసారి మాట్లాడాడు. "ఏ చిల్లక్కా? నా మీద జాలెందుకు?"

పెద్దయ్య పొట్టేలు చెవి ఎత్తి చూపించాడు. లింగన్న దగ్గరకు వెళ్లి చూశాడు. చాలాసేపు చూశాడు. గురవమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"దీనికా అన్నా నాలుగు దినాలు మాట్లాడంది?"

"నీ గుర్తు గాదా?"

లింగన్న దొడ్డి తలుపు తీసుకుని లోపలికి వెళ్లాడు. గొర్రెలు పక్కకు జరిగాయి. రేకు గోడ కింద గడ్డి తొట్టి ఉంది. అతను తొట్టి పైన రేకు మీద అరచెయ్యి పెట్టి, గోడ వెంట మెల్లగా రాసుకుంటూ నడిచాడు. ఒక చోట చెయ్యి వెనక్కి తీసుకుని చూసుకున్నాడు. అరచేతిలో రక్తం గీత ఉంది.

"మామా, ఇట్ల రా."

చెన్నయ్య లేచి వెళ్లాడు. అందరూ వెళ్లారు. ఆ రేకుల మేకు చిల్లులన్నిటి మొనలూ గోడౌను వైపే తిరిగి ఉంటాయి కాబట్టి దొడ్డి వైపు చెయ్యి రాస్తే ఎక్కడా గీసుకోదు. ఈ ఒక్క చిల్లు మొన ఇటు పొడుచుకుని ఉంది. అంచున తుప్పు లేదు. తొట్టికి జానెడు పైన ఉంది.

పెద్దయ్య పొట్టేలును తొట్టి దగ్గరకు లాగి, గడ్డి వేసి వదిలాడు. అది తల దించి తింటూ ఎడమ చెవి ఆడించింది. చెవి ఆ చిల్లు ముందు నుంచి పోయి, తిరిగి వచ్చింది.

చెన్నయ్య వంగి చిల్లునూ చెవినీ మార్చి మార్చి చూశాడు.

"అయితే ఇది గుర్తు గాదా?" అన్నాడు పెద్దయ్య.

"మేం చెవి మొదట్లో పొడుస్తామన్నా, తల కాడ. అంచున పొడిస్తే కంపకు తగులుకోని చీలిపోదా? నా మేకలు ఆరేండ్లుగా నీ మందలోనే మేస్తాండాయి. చూల్లేదా?"

"మరి ముందే చెప్పకపోయినావు?"

"నువ్వు అడగలా గదా."

పెద్దయ్య పొట్టేలు వైపు చూశాడు. లింగన్న వైపు చూడలేకపోయాడు. "ఇప్పుడు అమ్మకు నేనేం చెప్పాల చెన్నయ్యా? గాటు పడిన జీవాన్ని ఇయ్యొచ్చునా?"

"నాకు చెవి తగువు తెలుసు, అమ్మ తగువు తెలవదు. పూజారిని అడుగు." చెన్నయ్య నాగేంద్రమ్మ వైపు తిరిగాడు. "నువ్వు మటుకు ఆ గన్ను ఇంక ఈ గోడ దిక్కు తిప్పగూడదు."

"తిప్పను మామా. ఇసుక బస్తాలు అడ్డం పెట్టేదాకా అసలు తియ్యను."

"అవునుగానీ, చెవి కాబట్టి సరిపోయింది. అది తల తిప్పింటే?"

తల తిప్పి ఉంటే కన్ను. గడ్డి వేస్తూ లింగన్న వంగి ఉంటే అతని కన్ను. సోమవారం ఆరింటికి తొట్టిలో గడ్డి వేసేది అతనే. ఈ మాట ఆమెకు నాలుగు రోజుల్లో ఒక్కసారీ తట్టలేదు. పలక పగిలిందా లేదా అన్నదే చూసింది.

పెద్దయ్య చేతికర్ర లింగన్న వైపు చాచాడు. "పొద్దెక్కింది. మంద ఆకలి మీదుండాది."

లింగన్న కర్ర వెంటనే అందుకోలేదు. గురవమ్మ అతన్ని చూసింది, కర్రను చూసింది. "మూట విప్పాల్నా?" అని అడిగింది. ఎవరిని అడిగిందో తెలియలేదు.

"విప్పమ్మా," అన్నాడు పెద్దయ్య. కర్ర ఇంకా చాచే ఉంచి, "నాది తప్పు లింగన్నా," అన్నాడు.

లింగన్న కర్ర తీసుకున్నాడు. తలుపు పూర్తిగా తీశాడు. గొర్రెలు బయటికి నడిచాయి. పొట్టేలు తొట్టి దగ్గరే ఉండిపోయింది.

"దీన్ని తోలేదా, ఉంచేదా?"

పెద్దయ్య ఆలోచించాడు. "తోలు," అన్నాడు. మళ్లీ, "ఉంచు," అన్నాడు. చివరికి చెయ్యి విదిలించి, "నాకేం తెలుస్తాది, దాని ఇష్టం," అన్నాడు. పొట్టేలు తిన్నంత తిని మంద వెనక వెళ్లిపోయింది.

నాగేంద్రమ్మ దుకాణానికి వచ్చి గన్నులో మిగిలిన గాలిని పెరట్లో ఇసుకలోకి కొట్టి ఖాళీ చేసింది. చక్రం మీది గోళ్ల రంగును బ్లేడుతో గీకేసింది. కొత్త గీత ఎక్కడ పెట్టాలో ఆమెకు ఇంకా తెలియదు. గాలి నింపిన వెంటనే ఒకసారి, సగంలో ఒకసారి, అడుగున ఒకసారి చూడమని వినయ్ చెప్పాడు. అయితే గీతలు మూడు పెట్టాలా, ఒకటేనా? అది అడగడం మర్చిపోయింది. గన్నును మేకుకు తగిలించి, ఇసుక ట్రాక్టరు మల్లయ్యకు ఫోను చేసింది. సందులో కొక్కు ఒకటి తవుడు బస్తా కొరుకుతున్న చప్పుడు ఫోను మాట్లాడుతున్నంతసేపూ వినిపిస్తూనే ఉంది.